జీతం లేని సాఫ్ట్‌వేర్ జీవితం

మెడలో కంపెనీ బ్యాడ్జీ లేకుండా, సొంతంగా ప్రోగ్రాములు రాసుకుని బతకడం ఇప్పుడు సాధ్యమే. అయితే ఆ దారిలో నిలబెట్టేదీ, పడగొట్టేదీ కోడ్ కాదు, లెక్కలు

నెల మొదట్లో జీతం ఖాతాలో పడిందంటూ ఫోన్‌కు వచ్చే మెసేజ్‌ను ఉద్యోగస్తుడు పెద్దగా పట్టించుకోడు. అది రావడం ఆగిపోయాకే దాని విలువ తెలుస్తుంది. సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముకునేవాళ్లకు ఒకటో తారీఖు అంటూ ఉండదు. ఉండేవి వేరే తేదీలు. బిల్లు పంపిన తేదీ, డబ్బు ఇస్తామన్న తేదీ, అకౌంట్స్ వాళ్లను అడిగి చెబుతామని అవతలివాళ్లు దాటవేసిన తేదీ.

భారత టెక్నాలజీ రంగం గురించి మాట్లాడేటప్పుడు ఎవరికీ గుర్తుకు రాని బాపతు ఇది. 2025 ఫిబ్రవరిలో పరిశ్రమ సంఘం నాస్కామ్ చెప్పిన లెక్క ప్రకారం ఈ రంగం ఏడాది ఆదాయం 28,000 కోట్ల డాలర్ల పైమాటే. అందులో ఉద్యోగులు సుమారు 58 లక్షల మంది. ఈ అంకెలు వినగానే హైటెక్ సిటీలోనో వైట్‌ఫీల్డ్‌లోనో అద్దాల భవనాలు కళ్లముందు మెదులుతాయి. ఆగ్రాలోనో విజయవాడలోనో ఇంట్లో ఒక గదిలో కూర్చుని, తన పేరు మీదే బిల్లు వేసుకునే ప్రోగ్రామర్ మెదలడు.

నిజానికి జీతం కూడా శాశ్వతమేమీ కాదని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డప్పుడు హైదరాబాద్‌లో వేలాది కుటుంబాలు నిద్రలేని రాత్రులు గడిపాయి. ఉద్యోగ భద్రతకు మారుపేరనుకున్న టీసీఎస్ 2025 జూలైలో 12,000 మందికి పైగా సిబ్బందిని తగ్గించుకుంటామని ప్రకటించింది. మరి చేతిలో విద్య ఉన్నప్పుడు ఒక యజమాని మీదే ఎందుకు ఆధారపడాలన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. దానికి జవాబు వెతుక్కున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో నెగ్గినవాళ్ల కథలే మనదాకా వస్తాయి.

ఆగ్రాకు చెందిన అమిత్ అగర్వాల్ అలాంటివారే. ఐఐటీలో కంప్యూటర్ సైన్స్ చదివి, బహుళజాతి సంస్థలో పనిచేస్తున్న ఆయన 2004లో ఉద్యోగం వదిలేసి సొంత ఊరు చేరారు. కంప్యూటర్ చిట్కాల గురించి రాస్తూ, ప్రకటనల ఆదాయంతో మొదట నిలదొక్కుకున్నారు. తర్వాత తాను రాసే చిట్కాలనే ఉత్పత్తులుగా మలిచారు. జీమెయిల్ నుంచి ఒకే ఉత్తరాన్ని వందల మందికి వారి వారి పేర్లతో పంపే మెయిల్ మెర్జ్ లాంటి చిన్న చిన్న ఉపకరణాలు రాసి ప్రపంచమంతటా అమ్ముతున్నారు. గమనించాల్సింది ఆయన ఎక్కిన మెట్ల వరుసను. ముందు పాఠకులు, ఆ తర్వాతే సరుకు.

ఢిల్లీలో పరాస్ చోప్రా కథ ఇంకో తీరు. ఉద్యోగం చేస్తూనే, ఏ వెబ్ పేజీకి జనం ఎక్కువగా స్పందిస్తున్నారో పరీక్షించే సాఫ్ట్‌వేర్‌ను ఆయన ఒక్కరే రాశారు. 2010లో దాన్ని అమ్మడం మొదలుపెట్టారు. బయటి పెట్టుబడి తీసుకోకుండా పెరిగిన ఆయన కంపెనీ వింగిఫైలో మెజారిటీ వాటాను 2025 జనవరిలో ఎవర్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థ 20 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇలాంటివి వింటే ఉద్యోగానికి రాజీనామా రాసేయాలనిపిస్తుంది. కలం తీసే ముందు చూసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

రోజు కూలీ ఎంత?

కొత్తగా ఈ దారి పట్టినవాళ్లు చేసే మొదటి తప్పు తమ ధర తామే తప్పుగా కట్టుకోవడం. నెలకు 60,000 జీతం వచ్చేది కాబట్టి రోజుకు 2,000 అడిగితే చాలనుకుంటారు. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి.

ఏడాదికి 365 రోజులు. శని, ఆదివారాలు 104 పోతే 261. పండగ సెలవులు 12 తీసేస్తే 249. జ్వరాలు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలకు మరో 24 తీసేస్తే మిగిలేది 225. వీటిలోనూ అన్నీ కోడ్ రాసే రోజులు కావు. పని వెతుక్కోవడం, ధర చెప్పడం, మాట్లాడడం, బిల్లులు, వసూళ్లు, కొత్తవి నేర్చుకోవడం, వీటికి నూటికి 40 పాళ్లు పోతుందనుకుంటే డబ్బు తెచ్చే రోజులు 135 మాత్రమే.

ఇక ఖర్చు వైపు. 60,000 చొప్పున ఏడాదికి 7 లక్షల 20 వేలు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, కుటుంబానికి ఆరోగ్య బీమా, ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కరెంటు పోతే ఇన్వర్టర్ వంటివి ఇప్పుడు సొంత ఖర్చులే. అన్నీ కలిపితే 9 లక్షలనుకుందాం. దాన్ని 135తో భాగిస్తే రోజుకు దాదాపు 6,700. అంటే పాత జీతంతో సమానంగా బతకాలంటే 2,000 కాదు, దానికి మూడు రెట్లకు పైనే అడగాలి. 2,000కే ఒప్పుకున్నవాడు రాత్రింబవళ్లు పనిచేసి, ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ లేక, తప్పు తనలోనే ఉందనుకుని మళ్లీ ఉద్యోగాల వేటలో పడతాడు. తప్పు అతని పనితనంలో కాదు, భాగహారంలో ఉంది.

ఊరి సాఫ్ట్‌వేర్

ఈ బతుకుదెరువు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. కంప్యూటర్లు చిన్న పట్టణాలకు చేరిన 1990లలోనే ఫాక్స్‌ప్రో, ఆ తర్వాత విజువల్ బేసిక్ నేర్చిన కుర్రాళ్లు రైస్ మిల్లులకు, చిట్‌ఫండ్లకు, మెడికల్ షాపులకు, ప్రైవేటు స్కూళ్లకు ప్రోగ్రాములు రాసిచ్చారు. దేశమంతా వాడే ట్యాలీ పుట్టిందీ అలాంటి అవసరంలోంచే. వస్త్ర వ్యాపారానికి సంబంధించిన కుటుంబంలో లెక్కలు చూసుకోవడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ దొరక్క శ్యామ్ సుందర్ గోయెంకా తన కొడుకు భరత్ చేత రాయించారు. అది 1986 నాటి మాట. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ దక్కింది.

అందరూ గోయెంకాలు కాలేదు. ఒక షాపుకు ఇచ్చిన సీడీ పక్క షాపులోనూ తేలేది. బిజినెస్ సాఫ్ట్‌వేర్ అలయన్స్ లెక్క ప్రకారం 2004లో భారత్‌లో వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో 74 శాతం డబ్బు కట్టనిదే. 2017 నాటికీ అది 56 శాతం. వస్తువుకైతే డబ్బిస్తాంగానీ సీడీకి ఇదేం ధర అన్న బేరం ఈ రంగంలో అందరికీ అనుభవమే.

అయినా ఊరి ప్రోగ్రామర్ నిలబడ్డాడంటే కారణం ప్రోగ్రాము అమ్మకం కాదు, ఏఎంసీగా పిలిచే ఏడాది నిర్వహణ ఒప్పందం. 25,000 రూపాయల బిల్లింగ్ ప్రోగ్రాముకు ఏటా 5,000 ఏఎంసీ అనుకుందాం. వంద షాపులు చేతిలో ఉన్న మనిషికి ఆ ఏడాది కొత్త అమ్మకం ఒక్కటీ లేకపోయినా 5 లక్షలు వస్తాయి. షాపు యజమాని డబ్బిచ్చేది కోడ్‌కు కాదు. శనివారం రాత్రి బిల్లు ప్రింటు కాకపోతే ఫోనెత్తే మనిషికి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఇది బాగా తేలింది. వ్యాట్ లెక్కలతో రాసిన ప్రోగ్రాములన్నీ ఒక్కరోజులో పాతబడ్డాయి. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, హెచ్ఎస్ఎన్ కోడ్లు బిల్లులోకి ఎక్కాలి. దొంగ కాపీ వాడుతున్నవాడికి ఫోను చేయడానికి మనిషి లేడు. ఏఎంసీ కట్టినవాడికి ఉన్నాడు.

ఈ బేరంలో ముప్పు కూడా ఉంది. పనిముట్టు పాతబడితే మనిషీ పాతబడతాడు. విజువల్ బేసిక్ 6కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లో, ఫాక్స్‌ప్రోకు 2015లో ముగిశాయి. ఆలోగా వెబ్‌కో మొబైల్‌కో మారని వాళ్లు తమ షాపులను ఒక్కొక్కటిగా పోగొట్టుకున్నారు.

డాలర్ దారి

ఇంట్లో కూర్చుని విదేశీ ఖాతాదారుకు పనిచేయడం ఈ వృత్తి రూపురేఖలను మార్చేసింది. ఒడెస్క్, ఈలాన్స్ అనే రెండు వేదికలు కలిసి 2015లో అప్‌వర్క్‌గా మారాయి. 2017లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ లెక్కకట్టినప్పుడు ప్రపంచంలో ఆన్‌లైన్ ఫ్రీలాన్సర్లలో దాదాపు నాలుగో వంతు భారతీయులే. రెండో స్థానం 16 శాతంతో బంగ్లాదేశ్‌ది. అమెరికా మూడో స్థానంలో ఉంది.

ఆకర్షణ ఎక్కడుందో తేలిగ్గానే అర్థమవుతుంది. నెలకు పది డాలర్లు కట్టే ఖాతాదారులు వందమంది దొరికితే, డాలరు 85 రూపాయల లెక్కన చూసినా 85,000. అదే ఆదాయం దేశంలో 99 రూపాయల మొబైల్ యాప్‌తో తేవాలంటే ఎంత కష్టమో చూడండి. యాప్ స్టోర్ కమిషన్ 15 శాతం పోగా మిగిలేది 84. నెలకు 50,000 రావాలంటేనే సుమారు 600 మంది కొనాలి. దించుకున్నవాళ్లలో నూటికి ఇద్దరే కొంటారనుకుంటే నెలనెలా 30,000 మంది కొత్తవాళ్లు ఆ యాప్‌ను దించుకోవాలి. అందుకే సొంతంగా బతకాలనుకునే డెవలపర్ చూపు సముద్రం అవతలికి పోతుంది.

కానీ సముద్రం అవతలి డబ్బు ఇవతలికి చేరడమే ఓ ప్రహసనం. 2011 మార్చి 1 నుంచి ఆన్‌లైన్ వేదికల ద్వారా వచ్చే ఎగుమతి చెల్లింపులకు రిజర్వ్ బ్యాంక్ నిబంధనలతో 500 డాలర్ల పరిమితి పడింది. 700 డాలర్ల పనిచేసినవాడు రెండు బిల్లులు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పరిమితిని 3,000కు, 2013లో 10,000 డాలర్లకు పెంచారు. 2021లో పేపాల్ దేశీయ చెల్లింపుల సేవలను ఆపేసి, విదేశీ వసూళ్లకే పరిమితమైంది. అలా వచ్చే డబ్బులోనూ నాలుగు శాతానికి పైగా ఫీజుకు పోతుంది. మారకపు రేటులో కోత దీనికి అదనం. నేరుగా బ్యాంకుకు తెప్పించుకుంటే కోత తగ్గుతుంది, కాగితాల పని పెరుగుతుంది.

దేశంలోని ఖాతాదారులతోనూ ఓ దెబ్బ తగిలింది. కార్డుల నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ 1 నుంచి కొత్త నిబంధనలు అమలుచేసింది. వినియోగదారుడి రక్షణకు తెచ్చిన నిబంధనలే అవి. కానీ బ్యాంకులు, చెల్లింపు సంస్థలు సిద్ధంగా లేకపోవడంతో వాడుతున్నవాళ్ల చందాలు కూడా ఆగిపోయాయి. పెద్ద కంపెనీలకు దాన్ని సరిచేసుకునే సిబ్బంది ఉన్నారు. ఒంటరి డెవలపర్‌కు ఆ సిబ్బందీ తానే.

పొరుగు దేశాలతో పోల్చితే మనవాళ్లు నయమనే చెప్పాలి. పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లలో పేపాల్ సేవలే లేవు. 2024 జూలైలో విద్యార్థి ఉద్యమం నాటి బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్‌ను రోజుల తరబడి పూర్తిగా నిలిపేసినప్పుడు అక్కడి ఫ్రీలాన్సర్లు ఖాతాదారులకు కనీసం కబురు కూడా పంపలేకపోయారు. 2019 ఆగస్టు తర్వాత కశ్మీర్‌లోనూ అదే అనుభవం. 4జీ ఇంటర్నెట్ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఇంటర్నెట్ పోతే ఇతరులకు ఇబ్బంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు దుకాణమే మూతపడ్డట్టు.

కోడ్ ఎవరిది? బాకీ ఎవరిది?

డబ్బు రావడం ఒక ఎత్తయితే, హక్కు ఎవరిదన్నది మరో ఎత్తు. ఉద్యోగి రాసిన ప్రోగ్రాము, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. 1957 నాటి కాపీరైట్ చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతోంది. సొంతంగా పనిచేసే డెవలపర్ ఉద్యోగి కాదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప ఆ కోడ్‌పై మొదటి హక్కు రాసినవాడిదే. బదిలీ పత్రంలో ఎంతకాలానికన్నది రాయకపోతే ఐదేళ్లకు, ఏ ప్రాంతానికన్నది రాయకపోతే భారత్‌కే పరిమితమని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ సంగతి తెలియక కొందరు హక్కులన్నీ ధారాదత్తం చేస్తారు. ఒక ఖాతాదారు కోసం రాసిన బిల్లింగ్ మాడ్యూల్‌ను మరొకరికి వాడుకునే వీలు పోగొట్టుకుంటారు. హక్కుల బదిలీని మొత్తం డబ్బు అందడంతో ముడిపెట్టి రాసుకున్నవాడి పరిస్థితి వేరు. బాకీ తీరేదాకా కోడ్ అతనిదే.

ఏరు దాటాక తెప్ప తగలేసే ఖాతాదారులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పని చేతికందాక ఫోనెత్తరు. దీనికి చట్టంలో మందు ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం 2006లో వచ్చింది. దాని కింద నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులలోపు డబ్బు ఇవ్వాల్సిందే. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఒక్క మనిషి నడిపే సాఫ్ట్‌వేర్ సేవ కూడా ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు కావచ్చు. 2017 నుంచి సమాధాన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం కూడా తోడైంది. గడువులోగా చెల్లించని కొనుగోలుదారు ఆ మొత్తాన్ని చెల్లించేదాకా తన పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోలేడు. మార్చి నెల దగ్గరపడేకొద్దీ ఆడిటర్లే పాత బాకీలు గుర్తుచేయడానికి కారణం ఇదే.

మందు ఉన్నంత మాత్రాన అందరూ వాడరు. ఫిర్యాదు చేస్తే ఆ ఖాతాదారు మళ్లీ పని ఇవ్వడు, అతని స్నేహితులూ ఇవ్వరు. విదేశీ ఖాతాదారు ఎగ్గొడితే ఈ చట్టమూ పనిచేయదు. కాబట్టి ఆరితేరినవాళ్ల పద్ధతి ఒకటే. మూడో వంతు ముందే, మూడో వంతు సగం పనిలో, మిగిలింది కోడ్ అప్పగించే ముందు.

పన్నుల విషయంలో మాత్రం ప్రభుత్వం కాస్త దయ చూపింది. 2016 బడ్జెట్‌లో వచ్చిన 44ఏడీఏ సెక్షన్ కింద వృత్తి నిపుణులు తమ రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కడితే చాలు, ప్రతి రసీదూ దాచనక్కర్లేదు. మొదట 50 లక్షల రాబడి దాకా ఉన్న ఈ సదుపాయాన్ని, నగదు వసూళ్లు ఐదు శాతం మించనివాళ్లకు 2023లో 75 లక్షలకు పెంచారు. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబరు మారింది, సదుపాయం మారలేదు. జీఎస్టీ విషయానికొస్తే సేవల రాబడి 20 లక్షలు దాటితే నమోదు తప్పదు. విదేశాలకు చేసే పని ఎగుమతి కిందికి వస్తుంది కాబట్టి ఏటా ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేస్తే పన్ను పడదు. అది దాఖలు చేయడం మరిచిపోతే ముందు 18 శాతం కట్టి తర్వాత వాపసు కోసం తిరగాలి.

అద్దె దుకాణం

సొంత యాప్ ఉన్నవాళ్లకు ఎవరి దయా అక్కర్లేదనిపిస్తుంది. కానీ ఆ యాప్ నడిచేది వేరొకరి స్థలంలో. 2008 జూలైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరిచినప్పుడు వాటా 30 శాతం. విమర్శలు పెరిగాక ఏడాదికి పది లక్షల డాలర్లలోపు సంపాదించేవాళ్లకు ఆపిల్, మొదటి పది లక్షల డాలర్ల మీద గూగుల్ 2021లో దాన్ని 15 శాతానికి తగ్గించాయి. ప్లే స్టోర్ చెల్లింపుల విధానాలపై భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 936 కోట్ల జరిమానా వేసింది. 2025లో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216 కోట్లకు తగ్గించింది. ఈ పోరాటం పెద్దలది. చిన్నవాడి మీద పడే బరువు వేరు. 2023 నవంబర్ తర్వాత ప్లే స్టోర్‌లో వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్ విడుదలకు ముందు 20 మందితో వరుసగా 14 రోజులు పరీక్షింపజేయాలన్న నియమం వచ్చింది. తర్వాత ఆ సంఖ్యను 12కు తగ్గించారు. కంపెనీకి ఇరవై మంది పక్క సీట్లలోనే ఉంటారు. ఒంటరివాడు బంధువుల ఫోన్లన్నీ అడుక్కోవాలి.

స్థలం యజమాని మనసు మారితే ఏమవుతుందో కెనడా డెవలపర్ క్రిస్టియన్ సెలిగ్‌కు తెలిసొచ్చింది. రెడిట్ చదువుకునేందుకు ఆయన రాసిన అపోలో యాప్‌కు అభిమానులు లక్షల్లో ఉండేవారు. 2023లో రెడిట్ తన డేటా వాడకానికి కొత్త ధర పెట్టింది. ఆ లెక్కన ఏడాదికి 2 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందని తేలడంతో ఆ ఏడాది జూన్ 30న అపోలో మూతపడింది. యాప్‌లో లోపం లేదు, కొనేవాళ్లకు కొరత లేదు. నేల మాత్రమే తనది కాదు.

యంత్రం రాసే కోడ్

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గుబులు కృత్రిమ మేధ. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ వృత్తి కింది మెట్లు కదిలిపోయాయి. నాలుగు పేజీల వెబ్‌సైట్, చిన్న ఎక్సెల్ స్క్రిప్ట్, పెళ్లి ఆహ్వానం యాప్ వంటి పనులతోనే కొత్తవాళ్లు ఖాతా తెరిచేవారు. అలాంటివి ఖాతాదారే యంత్రాన్ని అడిగి చేయించుకునే రోజులొచ్చాయి. మాటల్లో చెప్పి కోడ్ రాయించుకోవడానికి 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పథీ 'వైబ్ కోడింగ్' అని పేరుపెట్టారు. ఆ ఏడాది జూన్‌లో ఇజ్రాయెల్‌కు చెందిన మావోర్ ష్లోమో దాదాపు ఒంటి చేత్తో మొదలుపెట్టిన బేస్44 అనే సంస్థను, పుట్టిన ఆరు నెలలకే విక్స్ కంపెనీ 8 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ సంస్థ సరుకు కూడా యంత్రం చేత సాఫ్ట్‌వేర్ రాయించేదే.

కత్తికి రెండు వైపులా పదునే. ఐదుగురు చేసే పని ఒక్కడు చేయగలిగితే ఒంటరివాడికి బలం. అదే బలం ఎదురింటివాడికీ వస్తే ధర పడిపోతుంది. టైపు చేసే పనికి విలువ తగ్గి, ఖాతాదారు వ్యాపారం తెలిసినవాడికి విలువ పెరుగుతోంది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్, కోత, హమాలీ లెక్కలు ఎలా సాగుతాయో తెలిసిన ప్రోగ్రామర్‌కు యంత్రం సాయపడుతుంది. ఆ లెక్కలు తెలియనివాడిని యంత్రం పక్కకు నెడుతుంది.

ఇంట్లో పరీక్ష

ఈ వృత్తిలో అసలు పరీక్ష తరచుగా ఇంట్లోనే మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ సరేగానీ ఏ కంపెనీ అన్న ప్రశ్న పెళ్లిచూపుల్లో తప్పదు. ఇల్లు కట్టుకుందామంటే బ్యాంకు జీతం స్లిప్పు అడుగుతుంది. అది లేనివాళ్లను రెండు మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు చూపమంటుంది. పన్ను తగ్గించుకుందామని తక్కువ ఆదాయం చూపినవాడికి అప్పు కూడా తక్కువే పుడుతుంది. ఆస్పత్రి పాలైతే కంపెనీ గ్రూపు బీమా ఉండదు. వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎత్తేయడం కొంత ఊరట.

ఉద్యోగంలో ఉంటూ, రాత్రుళ్లు సొంత పని చేసుకుంటూ నెమ్మదిగా బయటపడదామంటే అదీ సులువు కాదు. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారంటూ విప్రో 2022లో 300 మందిని తొలగించింది. మూన్‌లైటింగ్ అంటే మోసమేనని సంస్థ చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ బాహాటంగానే చెప్పారు. నియామక పత్రంలో ఏముందో చదవకుండా రాత్రి పని మొదలుపెడితే ఉద్యోగంతో పాటు ఆ రాత్రి రాసిన కోడ్ మీద హక్కు కూడా వివాదంలో పడుతుంది.

దూకే ముందు...

ఏడాది ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. మొదటి ఆరు నెలల్లో వచ్చేది లెక్కలోకి తీసుకోవద్దు.

రాజీనామాకు ముందే క్రెడిట్ కార్డు, గృహ రుణం, కుటుంబానికి ఆరోగ్య బీమా చూసుకోవాలి.

మాట మీద పని మొదలుపెట్టొద్దు. ఒక్క పేజీ ఒప్పందమైనా చాలు. పని, ధర, గడువు, హక్కుల బదిలీ ఎప్పుడన్నవి అందులో ఉండాలి.

ఉద్యమ్ నమోదు, వ్యాపారానికి విడి బ్యాంకు ఖాతా, ఏటా సకాలంలో రిటర్ను. ఈ మూడూ అప్పు అడిగే రోజున అక్కరకొస్తాయి.

ఏ ఒక్క ఖాతాదారు నుంచీ రాబడిలో మూడో వంతుకు మించి రాకుండా చూసుకోవాలి.

ఇన్ని చిక్కులుండగా ఎవరైనా ఈ దారి ఎందుకు పట్టాలి? స్వేచ్ఛ కోసమని చాలామంది చెప్పుకుంటారు. అది కొంతే నిజం. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే లేవాల్సింది తానే అయినప్పుడు స్వేచ్ఛ అన్నమాట అంత గొప్పగా వినిపించదు. అసలు కారణం మరోచోట ఉంది. తలో వెయ్యి ఇచ్చే ఖాతాదారులు వందమంది ఉన్నవాడికి ఒకరు మానేస్తే పోయేది వెయ్యి. మర్నాడు ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. లక్ష జీతం తీసుకునే ఉద్యోగికి కూడా ఖాతాదారు ఉన్నాడు. కాకపోతే ఒక్కడే. ఆ ఒక్కడూ మానేస్తే ఏమవుతుందో 2009 జనవరిలో హైదరాబాద్ చూసింది. ఆ వందమందిని కూడబెట్టుకోవడానికి ఎన్నేళ్లు పడుతుంది, అందాకా ఇల్లెలా గడుస్తుంది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు సిద్ధం చేసుకున్నవాళ్లకు ఒకటో తారీఖున మెసేజ్ రాకపోయినా నిద్ర పడుతుంది.